కోత ఎక్కడ పడింది? తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్‌లపై ఒక సమీక్ష

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి, కాలేజీలు తెరిచి, దసరా సేల్ ప్రకటనలు హోరెత్తే వేళకు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో మధ్యతరగతి ఇళ్లు ఒక నిర్ణయం దగ్గర ఆగుతాయి. పిల్లలకు ల్యాప్‌టాప్ కొనాలి. పిల్లలేమో గేమింగ్ ల్యాప్‌టాప్ అంటారు. చదువుకోడానికి గేమింగ్ ఎందుకని పెద్దలు అడుగుతారు. ఈలోగా ఫోన్‌లో ఒక ప్రకటన కనిపిస్తుంది: లక్షా పదివేల యంత్రం 68 వేలకే, ఈ రాత్రి వరకే. ఆ ధర పెట్టొచ్చా? చాలా ఇళ్లకు అది రెండు మూడు నెలల జీతం. తర్వాత నాలుగేళ్లు దానితోనే గడపాలి. అందుకే ఈ ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి తరచి చూడాలి.

రెండు వాదనలు

ఈ విషయంలో గట్టి వాదనలు రెండున్నాయి. మొదటిది వద్దనే వాదన. తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్ అటు మంచి ల్యాప్‌టాపూ కాదు, ఇటు మంచి గేమింగ్ యంత్రమూ కాదంటుంది. బరువెక్కువ, బ్యాటరీ నిలవదు, తెర వెలవెలబోతుంది, ఫ్యాన్ రొద పెడుతుంది. అదే డబ్బుతో డెస్క్‌టాప్ కట్టించుకుంటే అంతకంటే వేగంగా నడుస్తుందని చెబుతుంది. రెండోది కొనమనే వాదన. ఈ ధరలో దొరికే సన్నటి ల్యాప్‌టాప్‌లతో పోలిస్తే వీటిలో ప్రాసెసర్‌కు ఎక్కువ కరెంటు అందుతుంది, విడి గ్రాఫిక్స్ చిప్ ఉంటుంది, ర్యామ్ పెంచుకోడానికి సాధారణంగా స్లాట్లుంటాయి, కాబట్టి చదువుకీ ఆటకీ ఒకే ఖర్చుతో సరిపోతుందంటుంది.

రెండిటిలోనూ నిజముంది. అయితే రెండూ ‘గేమింగ్ ల్యాప్‌టాప్’ అనే పేరు కిందికొచ్చేవన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడతాయి. 50 వేల నుంచి 80 వేల మధ్య అమ్మే ప్రతి గేమింగ్ ల్యాప్‌టాప్‌లోనూ తయారీదారు ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. అందుకే కొనేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఆ కోత ఎక్కడ పడిందన్నది. ర్యామ్‌లోనో, స్టోరేజీలోనో పడితే రేపు నాలుగైదు వేలో, మరికాస్తో పెట్టి సరిచేసుకోవచ్చు. గ్రాఫిక్స్ చిప్‌లో, దానికందే కరెంటులో, చల్లబరిచే ఏర్పాటులో పడితే ఎన్ని వేలు పోసినా సరికాదు. ఇక్కడి నుంచి ప్రతి భాగాన్నీ ఈ గీటురాయి మీదే చూద్దాం.

ముందు తగ్గింపు లెక్క

డబ్బా మీద అచ్చేసిన గరిష్ఠ చిల్లర ధర అంటే, అంతకు మించి అమ్మకూడదని చట్టం పెట్టిన హద్దు మాత్రమే. వస్తువు అసలు విలువ ఎంతో అది చెప్పదు. లక్షా పదివేలు ముద్రించి ఏడాది పొడవునా 75 వేలకే అమ్మే యంత్రాన్ని సేల్ రోజున 68 వేలకిస్తే ప్రకటనలో 38 శాతం తగ్గింపు కనిపిస్తుంది. నిజంగా తగ్గింది ఏడు వేలు, అంటే తొమ్మిది శాతం చిల్లర. అది కూడా ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుంటేనే దొరికే తగ్గింపు కావచ్చు. అందుకే ధర చరిత్ర చూపించే సైట్లలో ఆ మోడల్ గడిచిన మూడు నాలుగు నెలల్లో ఎంతకు నడిచిందో చూడాలి. కార్డు తగ్గింపునూ పాత వస్తువు మార్పిడి విలువనూ పక్కన పెట్టి, చేతి నుంచి పోయే మొత్తమెంతో కాగితం మీద రాసుకోవాలి.

నో కాస్ట్ ఈఎంఐకీ ఇదే జాగ్రత్త పనికొస్తుంది. సున్నా శాతం వడ్డీ అనేది నిజంగా ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని ముందే ధరలో తగ్గిస్తారు, తర్వాత బ్యాంకు వడ్డీ వసూలు చేసుకుంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి. వడ్డీ నాలుగు వేలైతే పన్ను 720 రూపాయలు, దాని మీద ప్రాసెసింగ్ రుసుము. మోయలేని భారమేమీ కాదు, కానీ ఉచితమూ కాదు.

‘రెండే మిగిలాయి’, ‘పది నిమిషాల్లో ముగుస్తుంది’ అనే మాటలకు తొందరపడనక్కర్లేదు. లేని తొందరను పుట్టించడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, చివర్లో చార్జీలు కలపడం లాంటి 13 రకాల ఎత్తుగడలను నిషేధిస్తూ సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. పైగా ఇలాంటి సేళ్లు ఏడాదిలో ఒక్కసారే వచ్చేవి కావు. పాత తరం సరుకు ఖాళీ చేసుకోవాల్సి వచ్చినప్పుడల్లా అమ్మేవాళ్లే ధర దించుతారు.

గ్రాఫిక్స్ చిప్: ఇక్కడ రాజీ పడకూడదు

ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకు అతికి ఉంటుంది. దాని మెమరీ కూడా అంతే. కొన్న రోజున ఎంత ఉందో పారేసే రోజునా అంతే. కాబట్టి పరీక్ష ఇక్కడ మొదలవ్వాలి.

ఈ ధరల్లో ఎక్కువగా కనిపించేవి ఎన్‌విడియా చిప్‌లు. జీటీఎక్స్ 1650 అయితే 2019 నాటిది. వెలుగునీడలను సహజంగా లెక్కగట్టే రే ట్రేసింగ్‌కు ప్రత్యేక యూనిట్లు లేవు, ఏఐతో ఆట వేగం పెంచే డీఎల్ఎస్ఎస్ పనిచేయదు. ఎంత తగ్గించి ఇచ్చినా ఇప్పుడు కొత్తగా కొనాల్సిన చిప్ కాదిది. ఆర్టీఎక్స్ 2050ది పేరుతో వచ్చిన చిక్కు. 20 సిరీస్ అనిపించినా లోపలున్నది 30 సిరీస్ నాటి ఆంపియర్ చిప్పే. మెమరీ 4 జీబీ, మెమరీ దారి వెడల్పు 64 బిట్లు. 4 జీబీ ఆర్టీఎక్స్ 3050కి అది 128 బిట్లు, కాబట్టి 2050 దారి సగానికి కుదించినదన్నమాట. 3050లోనూ రెండు రకాలున్నాయి: 2021లో వచ్చిన 4 జీబీది ఒకటి, తర్వాత వచ్చిన 6 జీబీది ఇంకొకటి. ప్రకటనలో ‘ఆర్టీఎక్స్ 3050’ అని మాత్రమే ఉంటే ఏదన్నది అడిగి తెలుసుకోవాలి.

2023లో వచ్చిన ఆర్టీఎక్స్ 4050కి 6 జీబీ, 4060కి 8 జీబీ మెమరీ ఉంది. కృత్రిమంగా ఫ్రేములు పుట్టించే ఎన్‌విడియా ఫ్రేమ్ జనరేషన్ సౌకర్యం 40 సిరీస్ నుంచే మొదలైంది. 2025లో వచ్చిన 5050, 5060 ల్యాప్‌టాప్ చిప్‌లు రెండిటికీ 8 జీబీ జీడీడీఆర్7 మెమరీ ఇచ్చారు.

మెమరీకి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఆటలోని దృశ్యాల తాలూకు టెక్స్చర్లన్నీ అందులోనే ఇమడాలి. ఇమడకపోతే చిప్‌లో ఎంత శక్తి ఉన్నా దృశ్యం ఆగి ఆగి నడుస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’, 2025 మేలో వచ్చిన ‘డూమ్: ద డార్క్ ఏజెస్’ రెండూ రే ట్రేసింగ్ చిప్‌ను తప్పనిసరి చేశాయి, కనీసం 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ అడిగాయి. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5 లాంటివాటికి 4 జీబీ ఇప్పటికీ సరిపోతుంది. కొత్త ఆటలు ఆడాలనుకునేవాళ్లకు మాత్రం 4 జీబీ చిప్ కొన్న రోజునే పాతబడినట్టు లెక్క. నా అభిప్రాయంలో కొత్తగా కొనేదానికి 6 జీబీ కనీస హద్దు, 8 జీబీ నిశ్చింత.

వాట్లు: ప్రకటనలో పెద్దక్షరాలకెక్కని అంకె

ఒకే పేరున్న చిప్ రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకే వేగంతో నడవదు. ఆర్టీఎక్స్ 4050ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏ స్థాయిలోనైనా నడుపుకోవచ్చని ఎన్‌విడియాయే తయారీదారులకు వెసులుబాటిచ్చింది. పలచటి పెట్టెలో 45 వాట్లకు బిగించిన 4050కీ, మంచి ఫ్యాన్లున్న పెట్టెలో 95 వాట్లు అందుకునే 4050కీ పేరు ఒక్కటే, పనితీరు వేరు. కొన్నిసార్లు తక్కువ వాట్ల పెద్ద చిప్‌కూ ఎక్కువ వాట్ల చిన్న చిప్‌కూ మధ్య తేడా ధరలో ఉన్నంతగా ఆటలో ఉండదు.

ఈ అంకెను టీజీపీ అంటారు. తయారీదారు సైట్‌లో ఆ మోడల్ పూర్తి సాంకేతిక వివరాల్లో వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. దొరకకపోతే ఛార్జర్ మీద రాసిన వాట్లు చూడండి. విడి గ్రాఫిక్స్ ఉన్న యంత్రానికి 120 వాట్ల ఛార్జరే ఇచ్చారంటే ప్రాసెసర్, తెర, గ్రాఫిక్స్ మూడూ దానిలోంచే పంచుకోవాలి. 170, 200, 230 వాట్ల ఛార్జర్ ఉంటే లోపలి చిప్‌కు ఊపిరాడే అవకాశముంది. సంతలో ఎద్దును కొనే రైతు పళ్లు పట్టి చూసినట్టు, గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఛార్జర్ తిరగేసి చూడాలి.

ప్రాసెసర్: కొత్త పేరు, పాత సరుకు

ఈ ధరల్లో చిక్కంతా ప్రాసెసర్ వేగంతో కంటే దాని పేరుతోనే. ఇంటెల్ కోర్ ఐ5 12450హెచ్ 2022లో వచ్చింది. 2023లో ఐ5 13420హెచ్, 2025లో కోర్ 5 210హెచ్ వచ్చాయి. మూడిటికీ ఎనిమిది కోర్లు, 12 థ్రెడ్లే. గరిష్ఠ వేగం 4.4 నుంచి 4.6కీ, అక్కడి నుంచి 4.8 గిగాహెర్ట్జ్‌కీ కాస్త పెరిగింది. కొత్త పేరు చూసి పది వేలు ఎక్కువ పెట్టడం దండగ. పాత పేరుందని తీసిపారేయడమూ తొందరపాటే.

ఏఎండీ 2023లో తెచ్చిన నాలుగంకెల పద్ధతిలో మొదటి అంకె ఏ ఏడాది సరుకో చెబుతుంది, మూడో అంకె లోపలి నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది. రైజెన్ 5 7535హెచ్ఎస్‌లో మూడో అంకె 3, అంటే జెన్ 3 కుటుంబం. రైజెన్ 7 7840హెచ్ఎస్‌లో 4, అంటే జెన్ 4. రెండూ 7 అంకెతోనే మొదలైనా తరాలు వేరు. తగ్గింపుల్లో తరచూ కనిపించే రైజెన్ 7 7435హెచ్ఎస్ ఎనిమిది కోర్ల గట్టి చిప్పే, కానీ అందులో అంతర్గత గ్రాఫిక్స్ లేదు. పీడీఎఫ్ చదువుకుంటున్నా విడి గ్రాఫిక్స్ చిప్ మేల్కొనే ఉండాలి. ఎప్పుడూ ప్లగ్ దగ్గరే కూర్చునేవాళ్లకు దానితో ఇబ్బంది లేదు. క్లాసుకు మోసుకెళ్లేవాళ్లను మాత్రం బ్యాటరీ మధ్యలో వదిలేస్తుంది.

మొత్తానికి గేమింగ్ శ్రేణి ప్రాసెసర్లలో ఏదీ చదువుకు చాలనంత బలహీనమైనది కాదు. ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగి గ్రాఫిక్స్‌లో ఒక మెట్టెక్కడం చాలామందికి తెలివైన బేరం.

తర్వాత సరిచేసుకోగలిగినవి

ధర తగ్గించడానికి కంపెనీలు తరచుగా 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఇస్తాయి. ఇది రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. 8 జీబీ ఈ రోజుల్లో చాలదు. ఒకే స్టిక్ ఉంటే మెమరీకి ఒకే దారి ఉండి ఆటల్లో ఫ్రేములు పడిపోతాయి. కానీ ఖాళీ స్లాట్ ఉంటే ఇది తేలిగ్గా తీరే లోటు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొద్ది నిమిషాల్లో రెండో స్టిక్ వేయించుకోవచ్చు. రెండు స్లాట్లున్నాయా, ర్యామ్ బోర్డుకే అతికించేశారా, వెనక మూత విప్పితే వారంటీ పోతుందా అన్నవి మాత్రం కొనేముందే కనుక్కోవాలి. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి స్టిక్ ధరను కూడా ల్యాప్‌టాప్ ధరకు కలిపే లెక్క వేయాలి. ఒక్కోసారి 16 జీబీతో వచ్చే పై మోడలే చవక పడుతుంది.

స్టోరేజీ కూడా ఇంతే. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’, ‘బాల్డర్స్ గేట్ 3’ ఒక్కొక్కటీ 150 జీబీ చోటడిగే ఆటలు. 512 జీబీలో విండోస్, కాలేజీ సాఫ్ట్‌వేర్ పోను రెండు మూడు పెద్ద ఆటలకే చోటు. ఇంకో ఎస్ఎస్‌డీకి స్లాట్ ఉంటే చింతించక్కర్లేదు. విండోస్ లేకుండా అమ్మే మోడళ్లూ ఉంటాయి. ధర తక్కువగా కనిపించడానికి అదే కారణం కావచ్చు, చూసుకోవాలి.

తెర, వేడి, కరెంటు

తెర మీది దృశ్యం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే 144 హెర్ట్జ్ అన్నది ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉంటుంది. రంగుల సంగతి ఉండదు. ఈ ధరల్లోని తెరలు ఎక్కువగా 250 నిట్ల వెలుగు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగులు ఇచ్చేవి. అంటే సాధారణ ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో దాదాపు మూడింట రెండు వంతులే చూపిస్తాయి. ఆటకు, కోడింగ్‌కు ఫరవాలేదు. యూట్యూబ్ వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకూ, పెళ్లి ఫొటోలు దిద్దేవాళ్లకూ ఇది పెద్ద లోపం. అలాంటివాళ్లు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసున్న మోడలే తీసుకోవాలి, లేదా బయటి మానిటర్‌కు డబ్బు కేటాయించుకోవాలి.

మన ప్రాంతానికి వేడి ప్రత్యేక సమస్య. చాలా కంపెనీలు ల్యాప్‌టాప్ పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రతకు 35 డిగ్రీలను పై హద్దుగా రాస్తాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో బయట 45 డిగ్రీలుంటే, ఏసీ లేని గదిలో ఆ హద్దు పొద్దున్నే దాటిపోతుంది. చిప్ తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. చల్లటి గదిలో చేసిన రివ్యూల అంకెలు మన హాస్టల్ గదిలో రావు. అందుకే ఇక్కడ కొనేవాళ్లు రెండు ఫ్యాన్లు, వెనకా పక్కలా గాలి బయటికెళ్లే దారులు ఉన్న కాస్త మందపాటి పెట్టెనే ఎంచుకోవాలి. సన్నగా ఉందని మురిసిపోతే వేసవిలో ఆ ముచ్చట తీరిపోతుంది. మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే అడుగునుంచి గాలి అందదు.

బ్యాటరీ గురించి ఆశ పెట్టుకోవద్దు. 50 వాట్ అవర్ల బ్యాటరీ, మామూలు పనికి 15 వాట్ల వాడకం అనుకుంటే మూడు గంటల చిల్లర వస్తుంది. ఆట ఆడితే గంట నిలవడమే గొప్ప, పైగా బ్యాటరీ మీద గ్రాఫిక్స్ పూర్తి శక్తితో నడవదు. ల్యాప్‌టాప్ రెండు కిలోల పైచిలుకు, ఛార్జర్ అరకిలో. రోజూ బస్సులో మోసుకెళ్లే డే స్కాలర్‌కు ఇది చిన్న విషయం కాదు.

ఎవరికి పనికొస్తుంది

ఇంజినీరింగ్ చదువుకు గేమింగ్ ల్యాప్‌టాప్ తప్పనిసరి అనే మాట నిజం కాదు. కంప్యూటర్ సైన్సు వాళ్లు రాసే పైథాన్, జావా ప్రోగ్రాములకు విడి గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ స్టూడియోకు 16 జీబీ ర్యామ్ ఉంటే మేలు. ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీయడానికి సాధారణ ల్యాప్‌టాప్ చాలు. సివిల్, మెకానికల్ విద్యార్థులు త్రీడీ మోడళ్లు పెద్దవి చేసినప్పుడు, బ్లెండర్‌తోనో అన్‌రియల్ ఇంజిన్‌తోనో పనిచేసినప్పుడు, వీడియో ఎడిటింగ్ చేసినప్పుడు విడి చిప్ ఉన్న తేడా చక్కగా తెలుస్తుంది.

ఏఐ నేర్చుకోడానికి కొంటున్నామనే వాదన ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. ఎన్‌విడియా చిప్‌లపై లెక్కలు నడిపే ‘కూడా’ (CUDA) ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు దిద్దుకోడానికి ఏ ఆర్టీఎక్స్ చిప్ అయినా పనికొస్తుంది. కానీ పెద్ద మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి 4 జీబీ, 6 జీబీ చాలవు. గూగుల్ కొలాబ్ పరిమితులతోనైనా ఉచితంగా ఇచ్చే టీ4 చిప్‌కే 16 జీబీ మెమరీ ఉంది. కేవలం ఏఐ కోసం గేమింగ్ ల్యాప్‌టాప్ కొనడం అనవసర ఖర్చు.

ఇక ఆట సంగతి. ఆటను దాచి, చదువు పేరు చెప్పి కొనాల్సిన అవసరం ఏ ఇంట్లోనూ ఉండకూడదు. ఆటలు ఆడాలని ఉందని పిల్లలు నేరుగా చెబితే, ఏ ఆటలు, ఎంత ఖర్చు అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. వాలొరెంట్ ఒక్కటే ఆడేవాళ్లకు రేడియాన్ 780ఎం లాంటి మంచి అంతర్గత గ్రాఫిక్స్ ఉన్న తేలికపాటి ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది.

వేరే దారులు

ఇంట్లోనే ఉండి చదివేవాళ్లకు డెస్క్‌టాప్ నిజంగానే మేలు. ప్రతి భాగం మార్చుకోవచ్చు, వేడి తక్కువ, ఆయుష్షు ఎక్కువ. మానిటర్, యూపీఎస్ ధర కలిపి లెక్క వేయాలి. హాస్టల్లో ఉండేవాళ్లకు ఇది కుదరదు. వాడినది కొంటే గ్రాఫిక్స్‌లో పై మెట్టు దొరుకుతుంది, కానీ వారంటీ మిగల్లేదంటే బోర్డు పోయిన రోజున మొత్తం పోయినట్టే.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బాబాయో తెచ్చిపెట్టడం మన ఇళ్లలో మామూలే. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తేవచ్చు. అయితే అక్కడ చూపే ధరలో అమ్మకం పన్ను కలిసి ఉండదు. వారంటీ కొన్న దేశానికే పరిమితం కావచ్చు. మన ఊళ్లో సర్వీసు దొరుకుతుందో లేదో ముందే ఆ కంపెనీని అడగాలి.

డబ్బా విప్పాక

ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా విప్పడాన్ని వీడియో తీయండి. బిల్లు మీది సీరియల్ నంబరు, యంత్రం మీది నంబరు ఒకటేనా చూడండి. కంపెనీ సైట్‌లో ఆ నంబరు కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో పరిశీలించండి. మార్పిడికి ఇచ్చిన కొద్ది రోజుల గడువులోనే పెద్ద ఆట ఒక గంట ఆడించి, చిప్‌కు ఎన్ని వాట్లు అందుతున్నాయో, ఎంత వేడెక్కుతోందో హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడండి. తేడా వస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

తీర్పు

కొనొచ్చా అంటే, కొనొచ్చు, నాలుగు షరతులు నెరవేరితే. గ్రాఫిక్స్ మెమరీ 6 జీబీకి తగ్గకూడదు. వాట్లు దాచకుండా చెప్పి ఉండాలి, అవి కనీసం 75 దాటాలి. ర్యామ్, ఎస్ఎస్‌డీ పెంచుకునే స్లాట్లుండాలి. మీ జిల్లాలో, లేదంటే పక్క జిల్లాలో సర్వీసు కేంద్రం ఉండాలి. ఈ నాలుగూ ఉండి, ధర ఆ మోడల్ మామూలు ధర కంటే నిజంగా తగ్గితే, 8 జీబీ ర్యామ్ ఉందనో పాత పేరు ప్రాసెసర్ ఉందనో వెనకాడక్కర్లేదు. ఈ నాలుగిట్లో ఏది లేకపోయినా ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

55 వేలకు 4 జీబీ చిప్ కొని రెండేళ్లకే కొత్త ఆటలకు చాలక పక్కన పెడితే ఏడాదికి 27,500 పడింది. 75 వేలకు 8 జీబీది కొని నాలుగేళ్లు వాడితే ఏడాదికి 18,750. చవకగా కనిపించినదే ఖరీదైంది. డబ్బు నిజంగా 55 వేలే ఉంటే, మంచి తెర, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ కొనుక్కోండి. చదువుకు ఏ లోటూ రాదు. ఉద్యోగం వచ్చాక, సొంత జీతంతో, ఆ రోజుకు మంచిదైన గేమింగ్ యంత్రాన్ని ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా కొనుక్కోవచ్చు.